మాంసకృత్తుల మహాకోశము: పరిష్కరణ, పోషణ - ఒక విమర్శ

ప్రకృతి శాస్త్రములలో రెండు విధముల పని కలదు. క్రొత్త సంగతిని కనుగొనుట ఒకటి. కనుగొనిన సంగతులను సరిచూచి, తప్పులు దిద్ది, ఒకచోట చేర్చి, అడిగినవారికి అందునట్లు అమర్చుట రెండవది. మొదటి పనికి బహుమానములు, పతకములు, పాఠ్యపుస్తకములలో పేరు లభించును. రెండవ పని చేసినవాని పేరు ఎవ్వరికిని తెలియదు. అయినను రెండవ పని ఆగిపోయిననాడు మొదటి పనియు కుంటుపడును. జీవశాస్త్రమున గత అరువది సంవత్సరముల చరిత్ర ఈ మాటకు నిదర్శనము.

ఈ వ్యాసమున విమర్శకు తీసికొనినది స్విస్-ప్రాట్ అను మాంసకృత్తుల కోశము. మాంసకృత్తులనగా వాడుకలో ప్రోటీనులే. 1986లో జెనీవాలో ఆరంభమై, 2002 నుండి యూనిప్రాట్ అను కూటమిలో భాగమైన ఈ కోశమును జీవరసాయన శాస్త్రజ్ఞులు, వైద్య పరిశోధకులు, వ్యవసాయ శాస్త్రజ్ఞులు నిత్యము తెరచి చూచెదరు. సామాన్యముగా ఒక గ్రంథమును విమర్శించునపుడు దాని గుణదోషములు చూతుము గాని, వ్రాసినవారికి జీతమెవరిచ్చిరని అడుగము. ఈ కోశము విషయమున ఆ ప్రశ్నను విడదీయుటకు వీలులేదు. ఇది ఒకసారి అచ్చువేసి బీరువాలో పెట్టు గ్రంథము కాదు. ప్రతిదినము దిద్దవలసిన గ్రంథము. డబ్బు ఆగిన మరునాటి నుండియే ఇది పాతబడుట మొదలగును.

పరిష్కరణ యనగానేమి?

తెలుగువారికి పరిష్కర్త అను మాట క్రొత్తది కాదు. నాలుగైదు తాళపత్ర ప్రతులను చేర్చుకొని, లేఖకుల ప్రమాదములను తొలగించి, పాఠభేదములను గుర్తించి, శుద్ధప్రతిని సిద్ధపరచు పండితుని పరిష్కర్త యందురు. కడపలో సి. పి. బ్రౌను తన సొంత డబ్బుతో పండితులను నియమించి చేయించినది ఈ పనియే. జీవశాస్త్ర దత్తాంశములను పరిష్కరించువారు చేయునదియు ఇట్టిదే. వారి ముందుండునవి తాళపత్రములకు బదులు పరిశోధన పత్రములు. ఒకే మాంసకృత్తును ఇద్దరు శాస్త్రజ్ఞులు రెండు పేర్లతో వర్ణించియుందురు. ఒకరు క్రమములో ఒక అక్షరము తప్పు వ్రాసియుందురు. మరియొకరు ఎలుకలో చూచిన ధర్మమును మానవునికి ఆరోపించియుందురు. వీటినన్నింటిని చదివి, పోల్చి, ఏది ప్రయోగమువలన తెలిసినది, ఏది ఊహ మాత్రము అని వేరుచేసి వ్రాయుట పరిష్కరణ.

ఒక ఉదాహరణము చూడుడు. ఇన్సులినులో 51 అమీనో ఆమ్లములున్నవని పాఠశాలలో చెప్పుదురు. ఫ్రెడరిక్ సాంగర్ పశువుల ఇన్సులినును పరీక్షించి, 1955 నాటికి దాని నిర్మాణమును సంపూర్ణముగా నిర్ణయించి, 1958లో నోబెల్ బహుమానము పొందెను. కాని మానవ ఇన్సులిను జన్యువును చదివి, ఆ సంకేతము ప్రకారము మాంసకృత్తును లెక్కించినచో వచ్చునది 51 కాదు, 110. ఏది సరియైనది? స్విస్-ప్రాట్‌లో పి01308 అను సంఖ్యగల పుటను తెరచినచో సమాధానము దొరకును. మొదటి 24 అమీనో ఆమ్లములు కణములో ఆ అణువు పోవలసిన దారిని చూపు చీటీ వంటివి, అవి తెగిపోవును. తరువాతి 30 ఒక గొలుసు. చివరి 21 రెండవ గొలుసు. ఈ రెండింటి నడుమ 31 అమీనో ఆమ్లముల ముక్క యొకటి, దానికి అటు రెండు, ఇటు రెండు, తెగుటకు గుర్తులుగా ఉండును. అవియు తొలగిపోగా మిగిలినవి 30, 21; మొత్తము 51. రెండు లెక్కలును సరియైనవే. జన్యువు నుండి వచ్చిన అక్షరముల వరుస మాత్రమే మన చేతిలో నున్నచో ఈ సంగతి తెలియదు. ఎన్నియో ప్రయోగముల ఫలితములను ఒక మనుష్యుడు చదివి, ఆ వరుస ప్రక్కన సరియైన చోట వ్రాసినందువలననే తెలిసినది.

తప్పులు పుట్టుటకు గొప్ప కారణములు కూడ అక్కరలేదు. మానవ జన్యువులలో సెప్ట్2, మార్చ్1 అను పేర్లు గలవి ఉండెడివి. పట్టికలు వేయుటకు వాడు ఎక్సెల్ అను సాధనము వీటిని తేదీలని తలచి సెప్టెంబరు 2గా, మార్చి 1గా మార్చివేసెను. జన్యువుల పట్టికలను ఎక్సెల్ రూపమున జతపరచిన పరిశోధన పత్రములలో, దాదాపు అయిదింట ఒకదానియందు ఇట్టి దోషములున్నవని 2016లో ప్రకటింపబడిన ఒక పరిశీలన తెలిపెను. తుదకు 2020లో మానవ జన్యువుల నామకరణ సంఘము యంత్రమునకు తలయొగ్గి, సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 అని ఆ జన్యువుల పేర్లనే మార్చెను. ఇంత చిన్న లోపమును సవరించుటకు కూడ ఒక సంఘము, దానిలో జీతమునకు పనిచేయు మనుష్యులు, ఆ మార్పును తమ పుటలలోనికి ఎక్కించుకొను ఇతర కోశములు కావలసివచ్చెను.

పూర్వగాథ

ఈ విధమైన కోశములకు ఆద్యురాలు అమెరికాకు చెందిన మార్గరెట్ డేహాఫ్. 1965లో ఆమె తన సహచరులతో కలసి మాంసకృత్తుల క్రమములను, నిర్మాణములను ఒక అట్లాసుగా ప్రకటించెను. అందుండినవి 65 మాంసకృత్తులు మాత్రమే. అమీనో ఆమ్లమునకు ఒక్కొక్క అక్షరము వాడు సంకేతమును ఏర్పరచినది కూడ ఆమెయే. నేటికిని విద్యార్థులు నేర్చుకొనునది ఆ సంకేతమునే.

అట్లాసు పనిలో మెచ్చదగిన పాండిత్యము కలదు. దాని పోషణలో మాత్రము ఒక చిక్కుండెను. ఖర్చులు రాబట్టుకొనుటకు గ్రంథమును, తరువాత దత్తాంశముల టేపులను విక్రయింపవలసివచ్చెను. ఇతరులు కష్టపడి కనుగొనిన క్రమములను చేర్చి అమ్ముటేమని కొందరు శాస్త్రజ్ఞులు సణిగిరి. తమ ఫలితములను పంపుటకు వెనుకాడిరి. 1982లో అమెరికా ప్రభుత్వము జన్యుక్రమముల నిధియైన జెన్‌బ్యాంకును స్థాపించినపుడు ఆ పని డేహాఫ్ బృందమునకు దక్కలేదు; దత్తాంశములను అందరికి బాహాటముగ ఇచ్చెదమనిన లాస్ అలమాస్ వర్గమునకు దక్కెను. మరుసటి సంవత్సరమే ఆమె మరణించెను.

ఇందుండి గ్రహింపదగిన సంగతి యొకటి కలదు. పరిష్కర్తకు ముడిసరకు ఇతరుల ఔదార్యము వలన లభించును. ఆ ఔదార్యము నిలువవలెనన్నచో పరిష్కృత ఫలమును కూడ ఔదార్యముగనే పంచవలెను. పంచినచో పరిష్కర్తకు జీతమెక్కడిది? 1965లో పుట్టిన ఈ ప్రశ్న తరువాత వచ్చిన ప్రతి కోశమును వెంటాడినది.

స్విస్-ప్రాట్ గుణములు

ఆమోస్ బైరాఖ్ జెనీవాలో విద్యార్థిగా ఉన్నపుడు మాంసకృత్తులను విశ్లేషించు కంప్యూటరు కార్యక్రమమును వ్రాయుచుండెను. దానికి క్రమములు కావలసివచ్చి వందలకొలది తానే టైపుచేసికొనెను. దొరకిన కోశములలోని వ్రాత పద్ధతి అతనికి నచ్చలేదు. యంత్రము చదువగలుగునట్లు, మనుష్యుడును చదువగలుగునట్లు ఒక పద్ధతిని కల్పించి 1986లో తన కోశమును విడుదలచేసెను. అందు సుమారు 3,900 క్రమములుండినవి. మరుసటి సంవత్సరము నుండి ఐరోపా అణుజీవశాస్త్ర ప్రయోగశాలవారి దత్తాంశ గ్రంథాలయము ఇందులో భాగస్వామి యయ్యెను.

ఈ కోశమున కొనియాడదగినవి మూడు గుణములు. మొదటిది సంక్షిప్తత: ఒక మాంసకృత్తును గూర్చి పదిచోట్ల నున్న సంగతులను ఒకే పుటలో చేర్చుట. రెండవది నిజాయితీ: ప్రతి వాక్యము ప్రక్కన అది ఏ పత్రమునుండి వచ్చినదో, ప్రయోగమువలననో పోలికవలననో తెలుపుట. మూడవది సహనము: పాత పుటలను మరల మరల తెరచి దిద్దుట. ఈ మూడవ గుణమే అన్నింటికంటె అరుదైనది.

ఈ ప్రశంస వట్టి మాట కాదు. 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు ముప్పది యేడు ఎంజైము కుటుంబములను తీసికొని, వివిధ కోశములలో వాటి ధర్మములు ఎంతవరకు సరిగా వ్రాయబడినవో పరీక్షించిరి. యంత్రము చేత నింపబడిన కోశములలో తప్పులు, ఎంజైముల వర్గమునుబట్టి, సగటున నూటికి 5 మొదలు 63 వరకు ఉండినవి. స్విస్-ప్రాట్‌లో అత్యధిక కుటుంబములకు తప్పులు దాదాపు సున్న. మనుష్యుడు చదివి వ్రాసినదానికిని, యంత్రము పోలికచూచి అతికించినదానికిని గల భేదము ఈ అంకెలలో కనబడుచున్నది.

యంత్రము చేయు తప్పు ఒకచోట ఆగదు. ఒక పుటలోని తప్పును చూచి యంత్రము మరియొక పుటను నింపును. దానిని చూచి వేరొకటి. ఎక్కిరాల వ్రాయువాడు మాతృకలోని తప్పును కూడ ఎక్కించినట్లు దోషము తరతరములకు ప్రాకును. మొదటి తప్పును దిద్దిన మాత్రమున తరువాతి ప్రతులు దిద్దుకొనవు.

దోషములు

గుణములను చెప్పి దోషములను దాచుట విమర్శ కాదు. స్విస్-ప్రాట్ యొక్క మొదటి దోషము మందగమనము. క్రమములు కనుగొను యంత్రములు వేగమైనకొలది పరిష్కర్తలు వెనుకబడిరి. 1996లో ట్రెంబల్ అను అనుబంధ కోశమును ఏర్పరచి, ఇంకను పరిష్కరింపబడని క్రమములను యంత్రముచేత నింపించి దానిలో ఉంచిరి. శుద్ధప్రతిని, ముడిప్రతిని కలగలుపక రెండు గదులలో ఉంచుట వివేకమైన పనియే. కాని రెండు గదుల కొలతలను చూడుడు. 2024 నాటికి పరిష్కృత పుటలు సుమారు 5 లక్షల 70 వేలు. పరిష్కరింపబడనివి 20 కోట్లకు మించినవి. అనగా వేయింటికి మూడు పుటలైనను మనుష్యుడు చూచినవి కావు.

రెండవ దోషము ఎంపికలోనిది. అన్నింటిని చదువలేనపుడు కొన్నింటిని ముందు చదువవలెను. మానవుని మాంసకృత్తులు, ప్రయోగశాలలలో పెంచు చుండెలుక, ఈస్టు, ఆరబిడాప్సిస్ అను చిన్న మొక్క మొదలగువానికి అగ్రస్థానము లభించినది. మానవ మాంసకృత్తుల మొదటి సంపూర్ణ జాబితా, ఇరువది వేలకు పైగా పుటలతో, 2008లో సిద్ధమయ్యెను. ధనము, పరిశోధన ఎక్కడ ఎక్కువో అచ్చటి జీవులే పుటలకు ఎక్కును. వేరుసెనగ, కంది వంటి పంటల మాంసకృత్తులు పరిష్కృత భాగమున మిక్కిలి తక్కువ. దీనికి పరిష్కర్తలను నిందించుట న్యాయము కాదు. డబ్బిచ్చువారి అక్కరలు కోశము యొక్క రూపమును నిర్ణయించుచున్నవి. మన పంటలు మనకు ముఖ్యమైనచో వాటిని చదువు పరిష్కర్తలకు జీతము మనమే ఇచ్చుకొనవలెను.

మూడవ దోషము పరిశోధకులందరికిని చెందినది. పత్రము వ్రాసిన శాస్త్రజ్ఞుడు ఆ మాంసకృత్తు యొక్క సంఖ్యను, ఏ జీవినుండి తీసినదో స్పష్టముగా వ్రాసినచో పరిష్కర్తకు గంటలకొలది శ్రమ తప్పును. తాము కనుగొనినదానిని తామే పుటకు ఎక్కించుడని పరిశోధకులను ఆహ్వానించిన కోశములు పెక్కు కలవు. స్పందించినవారు స్వల్పము. అట్టి పనికి ఉద్యోగములో పదోన్నతి రాదు, జాబితాలో పత్రముల సంఖ్య పెరుగదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చునను సామెత ఊరకే పుట్టలేదు.

1996 నాటి గండము

స్విస్-ప్రాట్ పదియేండ్ల ప్రాయమున ఇంచుమించు మరణించినది. 1996లో స్విట్జర్లాండులో దానికి వచ్చుచుండిన పరిశోధన గ్రాంటు కొనసాగింపు లభించలేదు. ఆ వసంతమున బైరాఖ్ ఇంటర్నెట్టులో ఒక విజ్ఞప్తి ప్రకటించి, కొలది వారములలో డబ్బు నిండుకొనునని తెలిపెను. నలుమూలలనుండి శాస్త్రజ్ఞులు లేఖలు వ్రాసిరి. తాత్కాలిక సహాయము లభించినది. 1998లో స్విస్ జీవసమాచార సంస్థ స్థాపింపబడి కోశమునకు నిలకడ చేకూరెను.

ప్రపంచమంతయు వాడుకొను వస్తువు ఇట్టి దుర్గతికి ఎందుకు వచ్చెను? కారణములు రెండు. పరిశోధన గ్రాంటులు మూడేండ్లకో, అయిదేండ్లకో ఇత్తురు. ప్రతిసారి క్రొత్తదేమని అడుగుదురు. పరిష్కర్త చెప్పదగిన సమాధానము, నిరుడు చేసినదానినే ఈ యేడును శ్రద్ధగా చేసితిమి అని మాత్రమే. చెరువు త్రవ్వించినవానికి శాసనము వేయింతురు. పూడిక తీయించినవానికి వేయించరు. ఇది మొదటి కారణము. రెండవది, వాడువారు అన్ని దేశములవారు, ఇచ్చునది ఒక్క దేశము. మేమే ఏల ఈయవలెనని ఆ దేశమువారు అడిగినచో తప్పు పట్టలేము.

నాలుగు దారులు

ఈ చిక్కునకు నాలుగు విధములైన పరిష్కారములు ఆచరణలోనికి వచ్చినవి. ఒక్కొక్కదానిని తూచి చూడవలసియున్నది.

మొదటిది, ధనవంతుడైన వాడుకదారునివద్ద రుసుము తీసికొనుట. గండము గడచిన పిదప స్విస్-ప్రాట్ వారు విశ్వవిద్యాలయములకు ఉచితముగ ఇచ్చి, ఔషధ కంపెనీలు మొదలగు వ్యాపార సంస్థలవద్ద మాత్రము లైసెన్సు రుసుము తీసికొనిరి. చూచుటకిది న్యాయముగ తోచును. కాని ఒకే దత్తాంశమును ఇతర కోశములతో కలిపి మరల పంచదలచినవారికి ఈ షరతు అడ్డము వచ్చెను. 2002లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల గ్రాంటుతో స్విస్ సంస్థ, ఐరోపా జీవసమాచార సంస్థ, డేహాఫ్ వారసత్వమును నిలిపిన అమెరికా మాంసకృత్తుల సమాచార సంస్థ కలసి యూనిప్రాట్‌గా ఏర్పడినవి. రుసుము తొలగినది. మూడు వేర్వేరు సంసారములు ఒక పొయ్యిమీదికి వచ్చిన ఈ ఏర్పాటు శ్లాఘనీయము.

రెండవది, అందరివద్ద చందా తీసికొనుట. ఆరబిడాప్సిస్ మొక్క జన్యువుల సమాచార కోశమైన టెయిర్ 1999లో అమెరికా జాతీయ సైన్సు ఫౌండేషను గ్రాంటుతో ఆరంభమయ్యెను. ఆ గ్రాంటు క్రమముగ తగ్గి 2013లో నిలిచిపోయెను. నిర్వాహకులు లాభాపేక్ష లేని సంస్థయొకటి స్థాపించి విశ్వవిద్యాలయములవద్ద చందాలు వసూలుచేసిరి. క్రొత్త దత్తాంశములను ఒక సంవత్సరము తరువాత అందరికి ఉచితముగ విడుదలచేసిరి. కోశము బ్రతికినది. దానిని తక్కువగ ఎంచరాదు. కాని చందా కట్టలేని కళాశాల యందలి విద్యార్థి సంవత్సరము వెనుకబడి నడువవలసివచ్చినది. చావుకంటె చందా మేలు. అయినను చందా మేలైన దారి కాదు.

మూడవది, ఒకే రాజ్యపు ఖజానాపై ఆధారపడుట. పండుఈగ జన్యువుల కోశమైన ఫ్లైబేసు 1992 నుండి ఇట్లే నడచినది. 2016లో అమెరికా జన్యుపరిశోధన సంస్థ ఇట్టి కోశములన్నింటికి నిధులు తగ్గించి, పనిని ఏకము చేసికొనుడని చెప్పగా శాస్త్రజ్ఞులు నిరసన తెలిపిరి. 2025లో ఆ దేశ ప్రభుత్వము హార్వర్డు విశ్వవిద్యాలయపు గ్రాంటులను రద్దుచేసినపుడు దాని ద్వారా వచ్చు ఫ్లైబేసు నిధియు ఆగెను. పండుఈగలకును రాజకీయములకును సంబంధము లేకున్నను, పరిష్కర్తలు ఉద్యోగములకు ఎసరు వచ్చి, ప్రపంచమునందలి ప్రయోగశాలలను విరాళములు అడుగవలసివచ్చెను. ఒకే స్తంభముపై కట్టిన మేడ సంగతి ఇట్లుండును.

నాలుగవది, ఏ ఏర్పాటును నిలువకపోవుట. ఇందుకు ఉదాహరణము మన దేశమునందే కలదు. బెంగుళూరులోని జీవసమాచార సంస్థ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయముతో కలసి, 2003లో మానవ మాంసకృత్తుల ఆధార కోశమును వెలువరించెను. మన యువ జీవశాస్త్రజ్ఞులు వేలకొలది పత్రములను చదివి, ఏ మాంసకృత్తు దేనితో కలియునో వ్రాసిపెట్టిరి. ఆ కోశమునకు అంతర్జాతీయ గౌరవము లభించినది. 2010లో వచ్చిన తొమ్మిదవ విడుదలతో అది ఆగిపోయినది. అందలి సమాచారము నేటికిని పనికివచ్చును గాని, ఆ పుటలపై కాలము నిలిచిపోయినది.

డబ్బిచ్చువారి వాదము

నిధులిచ్చు సంస్థల వాదమును కూడ వినవలెను. జీవశాస్త్రమున కోశములు వేయికి మించి కలవు. ప్రతి ప్రయోగశాల తనకొక కోశము కావలెననును. ఒకే సంగతిని మూడుచోట్ల వ్రాయుటకు మూడు గ్రాంటులు ఎందుకని సంస్థలు ప్రశ్నించుట అన్యాయము కాదు. 2016లో కలిగిన ఒత్తిడివలన మంచియు జరిగినది. ఆ సంవత్సరమే ఈస్టు, పురుగు, పండుఈగ, జీబ్రాచేప, చుండెలుక, ఎలుక - ఈ ఆరింటి కోశములు, జన్యువుల ధర్మములకు ఏకరూప పదకోశమును నిర్మించు జీన్ ఆంటాలజీవారు కలసి ఒక కూటమిగా ఏర్పడిరి. ఆ పదకోశమే 1998లో మూడు కోశముల వారు కూర్చుండి, ఒకే క్రియకు ఒకే పేరు వాడుదమని నిశ్చయించుకొనగా పుట్టినది. కలసి పనిచేసినచో ఖర్చు తగ్గునన్నది నిజమే. కాని కలయికకు కూడ ఖర్చు కలదు. పేర్లు ఏకము చేయుటకు, పాత పుటలను క్రొత్త అచ్చులోనికి మార్చుటకు మనుష్యులు కావలెను. కలసినందున మిగులునని అంచనావేసిన డబ్బును ముందే కోసివేసినచో కలయికయే జరుగదు.

ఖర్చు నిజముగ పెద్దదా? ఇ. కోలై అను సూక్ష్మజీవి కోశమును నడపు పీటర్ కార్ప్ 2016లో లెక్క తీసెను. ఒక పరిశోధన పత్రమును చదివి కోశమునకు ఎక్కించుటకు సగటున 219 డాలర్లు పట్టినది. అదే పత్రమును అందరికి ఉచితముగ లభించునట్లు ప్రచురించుటకు పత్రికలు తీసికొను రుసుములో ఇది నూటికి 6 మొదలు 15 వంతులు. ఆ పత్రమునకు మూలమైన పరిశోధనకు అయిన మొత్తములో నూటికి పదవవంతు కూడ కాదు. లక్ష రూపాయలు వెచ్చించి పండించిన ధాన్యమును గాదెలో పోయుటకు వంద రూపాయలు ఈయక కళ్ళములోనే విడిచిపెట్టు రైతును లోకము మెచ్చదు.

యంత్రము వచ్చినది గదా?

కృత్రిమ మేధ వచ్చినది, ఇక పరిష్కర్తలెందుకు అని కొందరు ప్రశ్నింతురు. ఈ వాదమునకు ఉదాహరణముగ చూపునది ఆల్ఫాఫోల్డు. మాంసకృత్తు యొక్క క్రమమును ఇచ్చినచో దాని ఆకారమును ఊహించి చెప్పు ఈ సాధనమునకై డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ 2024లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానమున సగము పొందిరి. మిగిలిన సగము డేవిడ్ బేకరుకు లభించెను.

నిజమునకు ఈ ఉదాహరణము ఎదుటి వాదమునకే బలము. ఆల్ఫాఫోల్డు దేనిని చదివి నేర్చుకొనినది? 1971లో బ్రూక్‌హావెన్‌లో ఏడు నిర్మాణములతో మొదలై, అప్పటినుండి దిద్దబడుచు, అందరికి ఉచితముగ లభించుచుండిన మాంసకృత్తుల నిర్మాణ నిధిని. ఆ ప్రక్కన క్రమముల కోశములను. అర్ధశతాబ్దము ఎవ్వరును గమనింపకయే విత్తిన పంట అది. గురువు వ్రాసిన పాఠము తప్పులతడకయైనచో శిష్యుడెంత తెలివిగలవాడైనను తప్పులే నేర్చును. యంత్రము పత్రములను వెదకి, ముఖ్యమైనవానిని ఏరి, పరిష్కర్త బల్లపై పెట్టగలదు. అది గొప్ప సహాయమే. సంతకము మాత్రము తెలిసిన మనుష్యునిదే కావలెను.

చేయవలసినది

ఈ పరిశీలన వలన తేలునదేమి? స్విస్-ప్రాట్ గ్రంథముగా ఉత్తమము, సంస్థగా బలహీనము. ఆ బలహీనత దాని పరిష్కర్తలది కాదు. పరిశోధనకు ఇచ్చినట్లు దీనికిని స్వల్పకాలపు గ్రాంటులు ఇచ్చుట మూలదోషము. వాతావరణ పరిశీలన కేంద్రములను, భూమి కొలతల కార్యాలయములను మూడేండ్లకొకసారి క్రొత్తదేమని అడిగి మూయింపబోము గదా! జీవశాస్త్ర కోశములను కూడ ఆ కోవలో చేర్చవలెను. నిధులిచ్చు సంస్థలే ఒక అంతర్జాతీయ కూటమిగ ఏర్పడి, 2022 డిసెంబరులో ప్రపంచమునకు అత్యవసరమైన 37 కోశముల జాబితాను ప్రకటించినవి. జాబితాలో పేరు చేర్చుట మర్యాదయే గాని జీతము కాదు. ప్రతి దేశము తన పరిశోధన వ్యయమునుబట్టి స్వల్ప భాగమును ఉమ్మడి నిధికి చేర్చినపుడే ఆ జాబితాకు సార్థకత కలుగును.

భారతదేశము కూడ ఈ మార్గమున అడుగుపెట్టినది. 2022 నవంబరులో ఫరీదాబాదులో భారతీయ జీవ దత్తాంశ కేంద్రము ప్రారంభమయ్యెను. మన ప్రభుత్వ ధనముతో కనుగొనిన దత్తాంశములు మనదేశమున భద్రపడుట సంతోషము. కాని భద్రపరచుట వేరు, పరిష్కరించుట వేరు. పుస్తకములను గోతాములకెత్తి గదిలో పెట్టినంతమాత్రమున గ్రంథాలయము కాదు. నిల్వ యంత్రములకు వెచ్చించు శ్రద్ధను, ఆ దత్తాంశములను చదివి దిద్దు యువ శాస్త్రజ్ఞుల స్థిరమైన ఉద్యోగములపైనను చూపవలెను. లేనిచో 2010 నాటి బెంగుళూరు కథ మరల జరుగును.

ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి కలదు. యూనిప్రాట్ చూచుటకు రుసుము లేదు. చేతిలో ఫోను ఉన్న చాలును. ఇన్సులిను పాఠము చెప్పునాడు పి01308 పుటను తెరచి, 110 ఎట్లు 51 అగునో విద్యార్థులచేతనే లెక్కవేయింపవచ్చును. ఒక్కొక్క వాక్యము ప్రక్కనున్న ఆధారమును చూపి, శాస్త్రమున మాటకు సాక్ష్యము ఎట్లుండవలెనో తెలుపవచ్చును. ఆ పుటను దిద్దినవారు ఎవరు, వారికి జీతమెక్కడిది అని ఒక విద్యార్థి అడిగినచో, ఆ ప్రశ్నకు పదినిమిషములు కేటాయించుట వ్యర్థము కాదు. రేపు గ్రాంటులు మంజూరుచేయు బల్లవద్ద కూర్చుండువారు నేటి తరగతులలోనే ఉన్నారు.